ఆ ఒక్క శాతం గురించే రాశారు, మిగతాది ఎవరు రాస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ నలభై ఏళ్ల నుంచి చదువుతున్నా కాబట్టి కాస్త చనువు తీసుకుని రాస్తున్నా, ఉత్తరం పొడుగైతే మీరే ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించుకోండి. 2025లో అమెరికాలో ట్రంప్ 'వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్' అని ఒక చట్టం తెచ్చాడు కదా, దాని మీద మన తెలుగు పేపర్లూ టీవీలూ అన్నీ కలిపి చెప్పింది ఒకటే ముక్క, మన పిల్లలు అక్కడ్నుంచి ఇంటికి పంపే డబ్బు మీద ట్యాక్స్ పడుతుందా పడదా అని. ముందు 5 శాతం అన్నారు, తర్వాత 3.5 అన్నారు, చివరికి 1 శాతం దగ్గర ఆగింది, అది కూడా క్యాష్, మనీ ఆర్డర్ లాంటివి కౌంటర్లో ఇచ్చి పంపితేనే, బ్యాంక్ అకౌంట్ నుంచి పంపితే ఏమీ లేదు. మన పిల్లల్లో డాలర్ నోట్లు సంచిలో పట్టుకెళ్లి లైన్లో నిలబడి పంపేవాళ్లు ఎంతమంది చెప్పండి. హమ్మయ్య అనుకుని అందరం టీవీ కట్టేశాం. ఆ చట్టంలో అసలు పెద్ద ఖర్చు ఎవరి కోసం, అది ఎవరి నెత్తిన పడుతుంది అన్నది మాత్రం ఒక్కరూ రాయలేదు, అందుకే ఈ ఉత్తరం.

నా గురించి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే ఈయనకెందుకు ఇదంతా అనుకుంటారు. నేను మున్సిపాలిటీలో బిల్ కలెక్టర్‌గా చేరి రెవెన్యూ ఆఫీసర్‌గా రిటైరయ్యా. మార్చి నెలాఖరు వచ్చిందంటే నిద్ర ఉండేది కాదు, ఇంటి పన్ను బకాయిల లిస్టు పట్టుకుని వీధి వీధి తిరగడం, మేడల వాళ్లు సార్ ఊళ్లో లేరని గేటు దగ్గరే పంపించేయడం, రేకుల ఇంటావిడ మాత్రం పోపుల డబ్బాలోంచి నలిగిన నోట్లు తీసి రెండుసార్లు లెక్కపెట్టి ఇవ్వడం, నా సర్వీసంతా ఇదే. కాబట్టి అమెరికా వెళ్లినా అందరిలాగా నయాగరా ఫోటోలు తీసుకోవడం కంటే నా కళ్లు చెత్త బండ్ల మీదా వీధి లైట్ల మీదా పడతాయి, మా అమ్మాయి దీనికి ఎంత నవ్వుతుందో.

2025 జూన్‌లో నేనూ మా ఆవిడా అమ్మాయి దగ్గరికి ఫిలడెల్ఫియా వెళ్లాం. వెళ్లి నెల తిరక్కుండానే జులై 1న అక్కడి సిటీ కార్మికులు సమ్మెకి దిగారు. డిస్ట్రిక్ట్ కౌన్సిల్ 33 అని వాళ్ల యూనియన్, సుమారు 9 వేల మంది, చెత్త ఎత్తేవాళ్ల దగ్గర్నుంచి 911 ఎమర్జెన్సీ ఫోన్ ఎత్తేవాళ్ల దాకా అందులోనే ఉన్నారు. ఇంటింటికీ వచ్చే బండి ఆగిపోయింది, మీరే తెచ్చి వేయండి అని సిటీ వాళ్లు కొన్ని చోట్ల పెద్ద పెద్ద డబ్బాలు పెట్టారు, అవి రెండు రోజుల్లో నిండిపోయి చెత్త రోడ్డు మీదకి వచ్చేసింది. మా అల్లుడు కారు డిక్కీలో నాలుగు నల్ల సంచులు వేసుకుని బయల్దేరితే తోడుగా నేనూ వెళ్లా. నిజం చెప్తున్నా, ఒక్క క్షణం మా ఊరి డంపింగ్ యార్డే గుర్తొచ్చింది. నడుం ఎత్తు గుట్ట, కింద నుంచి ఏదో కారుతోంది, పగిలిన పుచ్చకాయలు, డైపర్లు, పసిపిల్లల మంచం ఒకటి కాళ్లు పైకి పెట్టుకుని పడుంది, ఆ గుట్ట పక్కనే ఒక ముసలాయన మడత కుర్చీ వేసుకుని కూర్చుని వచ్చిన ప్రతి ఒక్కరికీ సంచి మూతి గట్టిగా కట్టండి అని చెప్తున్నాడు, ఆయనకి ఆ పని ఎవరూ ఇవ్వలేదు. ఆ గుట్టలకి జనం మేయర్ షెరెల్ పార్కర్ పేరు తగిలించి పార్కర్ పైల్స్ అని పిలుస్తున్నారు.

జులై 4 వాళ్ల స్వాతంత్ర్య దినం. 1776లో ఆ డిక్లరేషన్ రాసిందీ సంతకాలు పెట్టిందీ ఆ ఊళ్లోనే. సరిగ్గా ఆ రోజు ఊరంతా చెత్త కంపు కొడుతుంటే, సమ్మెకి మద్దతుగా ఎల్ఎల్ కూల్ జే లాంటి పాటగాడు సిటీ కచేరీకి రానని చెప్పేస్తే, టీవీలో వాషింగ్టన్ చూపిస్తున్నారు, వైట్‌హౌస్ మీదుగా బీ-2 విమానాలు ఎగురుతున్నాయి, ట్రంప్ ఆ బిల్లు మీద సంతకం పెడుతున్నాడు. అప్పుడే అనుకున్నా ఇది ఎప్పటికైనా రాయాలి అని.

మా అల్లుడు మంచివాడే గానీ వాదన వస్తే తగ్గడు. "మావయ్య గారూ, ఈ చెత్తకీ ఆ బిల్లుకీ సంబంధం ఏముంది, ఆ సమ్మె జీతాల గొడవ, పైగా మాకు కూడా ట్యాక్స్ కొంచెం తగ్గింది కదా" అన్నాడు. నిజమే, సమ్మె ఆ చట్టం వల్ల రాలేదు, చట్టం కన్నా మూడు రోజుల ముందే మొదలైంది. యూనియన్ ముందు జీతం ఏడాదికి 8 శాతం పెంచమని అడిగింది, తర్వాత 5కి దిగింది, సిటీ దాదాపు 3 దగ్గరే కూర్చుంది, ఎనిమిది రోజులయ్యాక మూడేళ్ల పాటు ఏడాదికి 3 శాతానికి ఒప్పుకుని పనుల్లోకి వచ్చారు. వాళ్ల సగటు జీతం ఏడాదికి 46 వేల డాలర్ల చుట్టుపక్కల, మనకి వినడానికి పెద్దగా ఉంటుంది, ఆ ఊళ్లో అద్దె కట్టి పిల్లల్ని పెంచేవాడికి అది ఎంత మూలకి వస్తుందో అమ్మాయి ఇంటి ఖర్చు చూశాక నాకు అర్థమైంది. కానీ సిటీ 3 దగ్గరే ఎందుకు కూర్చుంది అన్నదే నేను అల్లుడికి చెప్పబోయింది.

చూడండి, ఫెడరల్ గవర్నమెంట్, అంటే మన కేంద్రం లాంటిది, ఆదాయం తగ్గించుకున్నా అప్పు తెచ్చి నడిపేస్తుంది. వాళ్ల పార్లమెంటుని కాంగ్రెస్ అంటారు, దాని బడ్జెట్ ఆఫీసే ఈ చట్టం వల్ల పదేళ్లలో లోటు 3.4 ట్రిలియన్ డాలర్లు పెరుగుతుందని లెక్క కట్టింది, అయినా ఎవరికీ చీమ కుట్టినట్టు లేదు. ఫిలడెల్ఫియాకి ఆ సౌకర్యం లేదు. ఏ ఏడు బడ్జెట్ ఆ ఏడు టాలీ కావాలి, పైగా 1991లో ఊరు దివాలా అంచుకి వెళ్లొచ్చింది కాబట్టి అప్పట్నుంచి ఐదేళ్ల ప్లాన్ వేసి రాష్ట్రం పెట్టిన ఒక సంస్థకి చూపించి ఒప్పించుకోవాలి. అంటే పైన ఎవడు ఏం వదులుకున్నా కింద ఊరు మాత్రం పైసా పైసా చూపించాలి. నేను పనిచేసిన ఆఫీసులో కూడా ఇంతే, పై నుంచి రావాల్సిన గ్రాంటు రాలేదంటే కమిషనర్ గారు మొదట ఆపేది పారిశుధ్య కార్మికుల జీతాలు, రెండోది కరెంటు బిల్లు.

ఇక చట్టంలో ఏముందంటే, 2017లో ట్రంప్ మొదటిసారి వచ్చినప్పుడు పై స్లాబు రేటు 39.6 నుంచి 37కి, కంపెనీల పన్ను 35 నుంచి 21కి తగ్గించాడు, కంపెనీలది అప్పుడే పర్మనెంట్ చేసేశారు, మనుషుల రేట్లు 2025 ఆఖరుకి అయిపోవాల్సింది, ఇప్పుడు వాటినీ పర్మనెంట్ చేశారు. తండ్రి ఆస్తి పిల్లలకి వచ్చేటప్పుడు వేసే ఎస్టేట్ ట్యాక్స్ 2026 నుంచి మనిషికి 15 మిలియన్ డాలర్ల దాకా లేదు, అంటే మన లెక్కలో 130 కోట్లు, మొగుడూ పెళ్లాం ఇద్దరికీ కలిపి 260 కోట్ల దాకా దమ్మిడీ కట్టక్కర్లేదు. అదే బడ్జెట్ ఆఫీసు లెక్క ప్రకారం అట్టడుగున ఉన్న పది శాతం కుటుంబాలు ఏడాదికి సగటున 1,200 డాలర్లు నష్టపోతాయి, పై పది శాతానికి 13,600 డాలర్లు కలిసొస్తాయి. మా అల్లుడు ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉన్నాడు, ఆయనకి వచ్చింది వచ్చింది, నేను కాదనను. కానీ ఆ వచ్చినదాన్ని ఊరు ఏ పేరు మీద వెనక్కి పట్టుకుంటుందో చూడమన్నా.

పేదల ఆరోగ్యానికి ఇచ్చే మెడికెయిడ్ కోసేశారు, 2034 నాటికి ఇంకో కోటి మంది ఇన్సూరెన్స్ లేకుండా అవుతారని అంచనా. ఇన్సూరెన్స్ పోయినంత మాత్రాన జబ్బు పోదు కదా, ఆ మనిషి ఎక్కడికి వెళ్తాడు? ఫిలడెల్ఫియాలో సిటీయే నడిపే హెల్త్ సెంటర్లు ఉన్నాయి, డబ్బున్నా లేకపోయినా చూస్తారు, అక్కడికి వెళ్తాడు, బిల్లు సిటీ ఖాతాలో పడుతుంది. బియ్యం కార్డు లాంటి వాళ్ల ఫుడ్ స్టాంపుల స్కీము నడిపే ఖర్చులో ఇప్పటిదాకా రాష్ట్రాలది సగం, 2026 అక్టోబర్ నుంచి ముప్పావు వంతు. రాష్ట్రం ఆ డబ్బు ఎక్కడ్నుంచి తెస్తుంది, ఊళ్లకి ఇచ్చేదాంట్లోంచే. చాకిరేవు మెట్ల మీద నీళ్లు దిగినట్టు ఒక్కో మెట్టూ దిగి చివరి మెట్టు మీద మడుగు కడుతుంది, ఆ చివరి మెట్టు మున్సిపాలిటీ.

మా అల్లుడితో నవ్వుతూ అన్నా, ఏం బాబూ, అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇదే అని. మా ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు.

ఇందులో నాకు బాగా తగిలింది ఒకటుంది. ఇండిపెండెన్స్ హాల్ చూడ్డానికి వెళ్లాం, మనవడికి దాని పక్కనే ఉన్న లిబర్టీ బెల్ అనే చీలిక పడ్డ పాత గంట చూపించడానికి. 1972 అక్టోబర్ 20న నిక్సన్ అక్కడికే వచ్చి ఒక చట్టం మీద సంతకం పెట్టాడు, రెవెన్యూ షేరింగ్ అంటారు, ఫెడరల్ వసూళ్లలోంచి ఐదేళ్లకి 30 బిలియన్ డాలర్లు రాష్ట్రాలకీ ఊళ్లకీ పెద్దగా షరతుల్లేకుండా పంచడానికి. నిక్సన్ అంటే రిపబ్లికన్, కమ్యూనిస్టు కాదు. తర్వాత 1981లో రీగన్ వచ్చి పై స్లాబు 70 నుంచి 50కి, 1986 చట్టంతో 28కి దించాడు, అదే 1986లో ఊళ్లకి ఇచ్చే ఆ రెవెన్యూ షేరింగ్ కూడా ఎత్తేశారు. మళ్లీ ఎవరూ పెట్టలేదు. గంట మీద చీలిక ఎక్కడుందో మనవడికి చూపించే గైడు ఈ సంగతి చెప్పడు, చెప్పినా వినేవాడు ఉండడు లెండి.

బాండ్ల సంగతి కొంచెం బోరు, కానీ మున్సిపాలిటీ మనిషిని కదా వదలలేను. అమెరికాలో ఊళ్లు స్కూళ్లకీ పైప్‌లైన్లకీ బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంటాయి, ఆ వడ్డీ మీద ఫెడరల్ ట్యాక్స్ లేదు, అందుకే డబ్బున్నవాళ్లు తక్కువ వడ్డీకైనా కొంటారు. పై స్లాబు రేటు తగ్గితే ఆ ట్యాక్స్ లేకపోవడం వల్ల వాడికి మిగిలేది కూడా తగ్గుతుంది, అప్పుడు వాడు ఇంకొంచెం వడ్డీ అడుగుతాడు. కంపెనీల రేటు 21కి దిగాక బ్యాంకులకి కూడా ఈ బాండ్ల మీద మోజు తగ్గింది. అంటే పన్ను తగ్గింది కోటీశ్వరుడికి, వడ్డీ పెరిగేది ఊరికి. దానికి తోడు 2017 చట్టంలో ఇంకో మెలిక పెట్టారు, ఇదివరకు వడ్డీ రేట్లు తగ్గినప్పుడు పాత బాండ్లు గడువుకి చాలా ముందే తీర్చేలా ట్యాక్స్ లేని కొత్త బాండ్లు వేసుకునేవాళ్లు, మనం ఒక బ్యాంక్‌లో ఎక్కువ వడ్డీకి ఉన్న గోల్డ్ లోన్‌ని ఇంకో బ్యాంక్‌కి మార్చుకున్నట్టు, ఆ సౌకర్యం కూడా తీసేశారు. పై వాళ్ల పన్ను తగ్గించిన లోటు పూడ్చుకోవడానికి వెతికిన చిల్లర ఖాతాల్లో అదొకటి.

సరే, ఊరు మరి డబ్బు ఎలా వసూలు చేస్తుంది? ఫిలడెల్ఫియాలో జీతం మీద వేజ్ ట్యాక్స్ ఉంది, మన వృత్తి పన్ను లాంటిది అనుకునేరు, మన ఆంధ్రాలో వృత్తి పన్ను నెలకి 200 దాటదు, అక్కడ 2025 జులైలో ఊళ్లో ఉండేవాళ్లకి జీతంలో 3.74 శాతం, మొదటి డాలర్ నుంచీ. చెత్త ఎత్తేవాడికీ 3.74, కంపెనీ సీఈఓకీ 3.74. పెద్దవాళ్లకి ఎక్కువ వేద్దాం అంటే ఆ ఊరున్న పెన్సిల్వేనియా రాష్ట్ర రాజ్యాంగంలో పన్ను అందరికీ ఒకే రేటు ఉండాలని ఒక క్లాజు ఉంది, అది ఒప్పుకోదు. అంటే ఎక్కువ ఉన్నవాడి దగ్గర ఎక్కువ శాతం తీసుకోగలిగింది వాషింగ్టన్ ఒక్కటే, అదేమో తగ్గించేసింది, ఊరికి మిగిలినవి అందరి జేబులోంచీ ఒకేలా తీసే పన్నులే. కొన్న వస్తువు మీద 8 శాతం సేల్స్ ట్యాక్స్. 2017 నుంచి కూల్ డ్రింకుల మీద ఔన్సుకి ఒకటిన్నర సెంటు, చిన్న పిల్లల స్కూళ్లు నడపడానికి, రెండు లీటర్ల సీసాకి డాలర్ పైనే అవుతుంది, కార్లున్నవాళ్లు ఊరు దాటెళ్లి కొనుక్కొస్తారు, లేనివాళ్లు మూల కొట్లో కట్టి తాగుతారు.

ఊరు కూడా పత్తిత్తు కాదు లెండి. పెన్షన్ బాకీలు దశాబ్దాలుగా పేర్చుకుంది. 2025 జూన్‌లో పాసైన 6.8 బిలియన్ల బడ్జెట్‌తో పాటే వ్యాపార పన్ను కొన్నేళ్ల పాటు మెల్లగా తగ్గించుకుంటూ పోతామన్నారు, అదే టైమ్‌లో చిన్న వ్యాపారాలకి మొదటి లక్ష డాలర్ల రాబడి మీద ఉన్న మినహాయింపు తీసేశారు. అది వాళ్లు కావాలని చేసింది కాదు, ఒక కంపెనీ ఆ ఒకే రేటు క్లాజు పట్టుకుని కోర్టుకెళ్లింది. అమ్మాయి వాళ్లు కూరలు కొనే ఇండియన్ కొట్టాయన గుజరాతీ, నేను మున్సిపల్ పన్నుల వాణ్ణని తెలిసి కౌంటర్ మీదున్న నోటీసు తిప్పి చూపించాడు, ఇన్నాళ్లూ లేని ఫారం ఇప్పుడు నాకెందుకు అని. నాకు తెలిసినంత చెప్పా. ఆయన ఇంకో కట్ట గోంగూర ఫ్రీగా వేశాడు, రిటైరయ్యాక నాకు ముట్టిన మొదటి మామూలు.

ఆగస్టు 24న బస్సులు కోశారు. బస్సులూ రైళ్లూ నడిపే సంస్థకి 213 మిలియన్ల లోటు, ఒక్కసారే 32 రూట్లు ఎత్తేశారు, మొత్తం సర్వీసులో 20 శాతం తగ్గించారు. ఇక్కడ కూడా నేను తూకం తప్పను, ఈ లోటు కొత్త చట్టం వల్ల వచ్చింది కాదు, కోవిడ్‌లో ఇచ్చిన ఫెడరల్ డబ్బు అయిపోయింది, రాష్ట్ర అసెంబ్లీలో రెండు పార్టీలూ పట్టుబట్టి కూర్చున్నాయి. కానీ ఆ ఫెడరల్ డబ్బు మళ్లీ ఎందుకు రాదు? 1998 నుంచి పెద్ద ఊళ్లకి మామూలుగా బస్సు కొనడానికి సాయం చేస్తారు గానీ రోజూ నడపడానికి ఇవ్వరు, డ్రైవరు జీతానికి డబ్బు లేనప్పుడు కొత్త బస్సు ఏం చేసుకోను. ఆ సోమవారం పొద్దున్న నేను వాకింగ్‌కి వెళ్తూ చూశా, స్టాప్ దగ్గర ఒక నల్లజాతి ఆవిడ, యాభై దాటి ఉంటాయి, నీలం రంగు ఆయా యూనిఫాం, స్తంభానికి అతికించిన కాగితం దగ్గరగా వెళ్లి చదువుతోంది, చదివి చేతిలో ఫోన్ చూసుకుంది, మళ్లీ చదివింది. ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి స్నానం చేయించి అన్నం పెట్టే పని ఆమెది, ఆలస్యమైతే ఆ ముసలావిడ మంచం మీదే ఉంటుంది అని నాతో అంది, నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఏ రూట్ పట్టుకోవాలో ఫోన్‌లో వెతికే పాటి ఇంగ్లీషు ఉంది గానీ ఓదార్చే పాటి లేదు నా దగ్గర.

మూడు వారాలకి, కోర్టు జోక్యంతో, రూట్లు తిరిగొచ్చాయి. ఎలాగంటే వంతెనలకీ కొత్త బోగీలకీ దాచుకున్న డబ్బులోంచి 394 మిలియన్లు రెండేళ్ల పాటు రోజువారీ ఖర్చుకి వాడుకోమని రాష్ట్రం ఒప్పుకుంది. విత్తనాల గింజలు వండుకు తిన్నట్టు. దాంతో పాటే సెప్టెంబర్ 14 నుంచి టికెట్ రెండున్నర డాలర్ల నుంచి 2.90 అయింది. ఆవిడ రోజుకి రెండుసార్లు ఎక్కితే 80 సెంట్లు ఎక్కువ, వారానికి ఐదు రోజులు, ఏడాదికి రెండు వందల డాలర్లు దాటుతుంది. ఆ రెండు వందలు ఏ చట్టంలోనూ ట్యాక్స్ అని రాసి ఉండవు.

ఇక్కడ మనకేంటి అంటారేమో. 2019 సెప్టెంబర్ 20న మన కేంద్రం కంపెనీల పన్ను 30 నుంచి 22కి తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నాం అని వాళ్లే చెప్పారు. ఆ పన్ను రాష్ట్రాలకి పంచే వాటాలోకి వస్తుంది, పంచక్కర్లేని సెస్సులూ సర్‌చార్జీలూ మాత్రం ఉన్నాయి. మరుసటి ఏడాది కోవిడ్‌లో రాష్ట్రాలు ఇంకొంచెం అప్పు తెచ్చుకుంటాం అంటే మున్సిపల్ పన్నుల్లో సంస్కరణలు చేస్తేనే అందులో కొంత ఇస్తాం అన్నారు, ఆంధ్రప్రదేశ్ మొదట్లోనే చేసేసింది, 2021 నుంచి ఇంటి పన్ను అద్దె విలువ పోయి మూలధన విలువ మీదకి మారింది. ఆ తర్వాత చెత్త పన్ను వచ్చింది, దాని కోసం జనం వార్డు సెక్రటేరియట్ పిల్లల్ని ఎన్ని తిట్లు తిట్టారో మీ పేపర్లోనే వచ్చింది, తర్వాత ప్రభుత్వం మారాక ఎత్తేశారు. ఢిల్లీలో సంతకానికీ మా వీధిలో తిట్లకీ నేరుగా లంకె ఉందని నేను అనను, మధ్యలో ఎన్నో చేతులు మారతాయి, కానీ తిట్లు తినేది మాత్రం ఎప్పుడూ గుమ్మం దాకా వచ్చేవాడే, నేను ముప్పై ఏళ్లు తిన్నా.

ఎడిటర్ గారూ, మీరు వేసిన ఆ రెమిటెన్స్ ట్యాక్స్ బాక్స్ ఐటమ్ మా ఇంట్లో ఇంకా ఉంది, మా ఆవిడ బీరువా అరలో పరిచింది. అమ్మాయి పంపేది బ్యాంక్ నుంచే కాబట్టి మాకు ఒక్క పైసా పడలేదు. ఈసారి అమెరికాలో పన్నులు తగ్గాయని మీ బిజినెస్ పేజీలో వేసేటప్పుడు పక్కన చిన్న అక్షరాలతో అయినా సరే ఫిలడెల్ఫియా బస్ టికెట్ ఎంతయిందో కూడా వేయండి, 2.90.

ఇట్లు
ఒక రిటైర్డ్ మున్సిపల్ ఉద్యోగి
గుంటూరు జిల్లా